కోత లేదు, కుట్లు లేవు, అయినా మెదడుకు చేసే చికిత్సే: ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో చేతుల వణుకు వంశపారంపర్యం. నాయనమ్మకు ఉండేది. నాన్నగారికి వచ్చింది, బాబాయికీ వచ్చింది. నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు, బాబాయి తెనాలిలో టైలర్. ఇద్దరినీ ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ కోసం చూపించాం. బాబాయికి చేశారు. నాన్నగారికి కుదరలేదు. అప్పటినుంచి బంధువులు, వాళ్ల స్నేహితులు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. చదివి, అడిగి, దగ్గరుండి చూసి తెలుసుకున్నది మాత్రమే చెబుతున్నాను. మీ విషయంలో తేల్చాల్సింది న్యూరాలజిస్టే.

అసలు ఇదేం చికిత్స?

వణుకు పుట్టించే తప్పుడు సంకేతాలు మెదడులో ఒక దారి వెంట పోతుంటాయి. ఆ దారిలో ఒక చిన్న చోటును పుర్రె తెరవకుండా, బయటినుంచి పంపిన శబ్ద తరంగాల వేడితో కాల్చేస్తారు. ఆ చోటు దాదాపు కందిగింజంత ఉంటుంది. కాల్చడం అనే మాట వినగానే చాలామంది ఉలిక్కిపడతారు. అయినా నేను ఆ మాటే వాడతాను. "కోత లేని చికిత్స" అనగానే ఏదో లైట్ వేసి తీసేసినట్టు అనుకుంటున్నారు. చర్మం మీద కోత లేని మాట నిజమే. లోపల మాత్రం గాయం ఉంటుంది, ఆ గాయమే ఇక్కడ వైద్యం. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతా ప్రశ్నలు సగం వాటంతటవే తేలిపోతాయి.

పుర్రె తెరవకుండా లోపలికి వేడి ఎలా వెళుతుంది? దారిలో ఉన్న మెదడంతా కాలిపోదా?

నాన్నగారు డాక్టర్‌ని అడిగిన మొదటి ప్రశ్న ఇదే. నాకు అర్థమైనట్టు చెబుతాను. తేరు లాగడం చూశారు కదా. ఒక్కడు తాడు పట్టుకుని ఎంత గుంజినా తేరు కదలదు. వెయ్యి మంది ఒకే ఊపులో లాగితే కదులుతుంది. ఈ యంత్రంలో తలకు తొడిగే హెల్మెట్ లాంటి డోమ్ ఉంటుంది. దాని లోపలివైపు 1024 చిన్న అల్ట్రాసౌండ్ బిళ్లలు అమర్చి ఉంటాయి. ఒక్కో బిళ్ల నుంచి వచ్చే తరంగం బలహీనమైనది, అది దాటిపోయే చోట మెదడుకు ఏమీ కాదు. అన్ని తరంగాలూ ఒకే క్షణంలో కలిసే ఆ ఒక్క బిందువు దగ్గరే వేడి పుడుతుంది.

ఆ ఒకే ఊపు సాధించడమే కష్టం. పుర్రె ఎముక అంతటా ఒకే మందంలో ఉండదు. ఎముకలో శబ్దం నీటిలో కంటే వేగంగా పోతుంది. మందమైన చోట దాటిన తరంగం ముందే చేరుతుంది, పల్చటి చోట దాటినది వెనకబడుతుంది. అందుకే ముందుగా తలకు సీటీ స్కాన్ తీసి, ఎక్కడ ఎంత ఎముక ఉందో కంప్యూటర్ లెక్కగడుతుంది. దాన్నిబట్టి ఏ బిళ్ల ఎంత ముందు మోగాలో, ఏది ఎంత ఆగి మోగాలో సర్దుతారు. ఇదంతా ఎంఆర్‌ఐ యంత్రంలోనే జరుగుతుంది. లోపల ఏ చోట ఎన్ని డిగ్రీలు ఉందో కొన్ని సెకన్లకోసారి ఎంఆర్‌ఐ తెర మీద చూపిస్తూ ఉంటుంది. ఎంఆర్‌ఐకి వేడిని కొలిచే గుణం లేకపోతే ఈ వైద్యమే లేదు.

గర్భిణులకు చేసే స్కానింగూ ఇదీ ఒకటేనా? బ్యూటీ క్లినిక్‌లో ముఖానికి చేసే హైఫు (హై ఇంటెన్సిటీ ఫోకస్డ్ అల్ట్రాసౌండ్) ఇదేనా?

మూడింటిలోనూ ఉన్నది శబ్దమే, పనులే వేరు. స్కానింగ్‌లో తరంగం వెళ్లి తగిలి తిరిగి వస్తుంది, దాంతో బొమ్మ గీస్తారు, వేడి పుట్టించడం దాని పని కాదు. మెదడు చికిత్సకు వాడేది దాదాపు 650 కిలోహెర్ట్జ్. స్కానింగ్‌లో వాడేదాని కంటే తక్కువ పౌనఃపున్యం, ఎముకను దాటడానికి అదే అనువు. ముఖానికి చేసే యంత్రానికీ మెదడుకూ సంబంధం లేదు. పేరు ఒకటే కదా అని ఎవరైనా క్లినిక్‌లో వణుకు తగ్గిస్తామంటే వెళ్లకండి. ఎంఆర్‌ఐ లేని చోట ఈ వైద్యం చేయడం కుదరదు.

మా అమ్మకు చేతులు వణుకుతున్నాయి. పార్కిన్సన్స్ అంటున్నారు. చేయించవచ్చా?

ముందు అది ఏ వణుకో తేల్చుకోండి. తొందర వద్దు, ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగండి. మాకు ఇక్కడే మూడేళ్లు పోయాయి. నాన్నగారిని మొదట చూసిన డాక్టర్ చేయి వణుకు చూడగానే పార్కిన్సన్స్ అన్నారు, ఆ మాత్రలు రాశారు. మూడేళ్లు మింగారు. వణుకు ఇసుమంత తగ్గలేదు, వికారం మాత్రం రోజూ ఉండేది. తర్వాత చూపించిన న్యూరాలజిస్ట్ ఆయన చేత ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి నీళ్లు పోయించి, కాగితం మీద నత్తగుల్లలాంటి చుట్ట గీయించి, "ఇది ఎసెన్షియల్ ట్రెమర్ మాస్టారూ" అన్నారు.

తేడా ఇలా ఉంటుంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లో చేయి పని చేసేటప్పుడు వణుకుతుంది. గ్లాసు ఎత్తినప్పుడు, సంతకం పెట్టేటప్పుడు, బటన్ పెట్టుకునేటప్పుడు. ఒళ్లో పెట్టుకుంటే ఊరుకుంటుంది. ఎక్కువగా రెండు చేతులకూ ఉంటుంది. కొందరికి తల ఊగుతుంది, గొంతు కూడా వణుకుతుంది. ఇంట్లో ఇంకెవరికో ఉంటుంది. రాత పెద్దదై గజిబిజి అవుతుంది. పార్కిన్సన్స్‌లో దీనికి తిరగబడినట్టు ఉంటుంది. చేయి ఊరికే ఉన్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ మాత్ర నలుపుతున్నట్టు కదులుతాయి. సాధారణంగా ఒక పక్క మొదలవుతుంది. నడక నెమ్మదిస్తుంది, ఒళ్లు బిగుస్తుంది, రాత చీమలబారులా చిన్నదైపోతుంది.

వణుకులన్నీ ఈ రెండింట్లోనే సర్దుకోవు కూడా. థైరాయిడ్ ఎక్కువైనా, ఆస్తమాకు వాడే కొన్ని మందుల వల్లా, ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్ వల్లా, లిథియం వల్లా చేతులు వణుకుతాయి. వాటికి కారణం సరిచేస్తే చాలు. చిన్న వయసువాళ్లలో వణుకు వస్తే విల్సన్స్ వ్యాధి కూడా చూడాలి. అది రాగి ఒంట్లో పేరుకుపోయే జబ్బు, మందులున్నాయి.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవాళ్లలో కొందరికి కాస్త మద్యం పడగానే వణుకు తగ్గుతుంది. అది జబ్బు గుణం. అసలు తాగనివాళ్లను కూడా చేయి చూసి తాగుబోతు అనడం మన దగ్గర మామూలైపోయింది. బాబాయి జీవితంలో చుక్క ముట్టలేదు. కొలతలు తీసుకుంటుంటే టేపు వణకడం చూసి, "పొద్దున్నే మొదలెట్టావా?" అన్న మనుషులున్నారు. దాంతో ఆయన కౌంటర్ దగ్గరికి రావడమే మానేసి వెనక గదిలో కూర్చునేవాడు.

మందులతో తగ్గదా? నేరుగా దీనికే వెళ్లాలా?

ముందు మందులే. ప్రొప్రనొలాల్, ప్రిమిడోన్ అనే రెండు మందులు ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి. చాలామందికి వాటితోనే రోజువారీ పనులు గడిచిపోతాయి. ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవాళ్లకు పనికిరాదు, ప్రిమిడోన్‌తో కొందరికి మత్తుగా ఉంటుంది. రెండూ సరైన మోతాదులో వాడి చూసి, అయినా అన్నం కలుపుకోలేని స్థితి ఉంటేనే తర్వాతి మెట్టు. కాఫీ, నిద్రలేమి, టెన్షన్ మూడూ వణుకును పెంచుతాయి, వాటి సంగతి కూడా చూడండి.

ఇది నిజంగా పనిచేస్తుందని రుజువుందా?

ఉంది. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో న్యూరోసర్జన్ జెఫ్ ఇలియాస్ బృందం మొదట 15 మందికి చేసి 2013లో ఫలితాలు ప్రచురించింది. తర్వాత 76 మందితో పెద్ద పరీక్ష జరిగింది, ఫలితాలు 2016లో వచ్చాయి. అందులో 56 మందికి నిజం చికిత్స, 20 మందికి ఉత్తుత్తి చికిత్స. వాళ్లకూ గుండు చేశారు, ఫ్రేమ్ బిగించారు, యంత్రంలో పడుకోబెట్టారు, తరంగాలు మాత్రం పంపలేదు. ఎవరికి ఏది చేశారో రోగులకు తెలియదు. మూడు నెలలకు చూస్తే నిజం చికిత్స పొందినవాళ్లలో చేతి వణుకు స్కోరు 47 శాతం తగ్గింది. ఉత్తుత్తి గుంపులో దాదాపు ఏమీ మారలేదు. ఏడాదికి ఆ మేలు 40 శాతం దగ్గర నిలిచింది.

ఆ ఫలితాల ఆధారంగా 2016 జులైలో ఎఫ్‌డీఏ, అంటే అమెరికాలో మందులకూ వైద్య యంత్రాలకూ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ, ఎసెన్షియల్ ట్రెమర్‌కు అనుమతి ఇచ్చింది. యంత్రం ఇన్‌సైటెక్ అనే ఇజ్రాయెల్ కంపెనీది.

47 శాతం అంటే సగానికి సగం అనుకుని నిరాశపడకండి. ఇది అందరి సగటు. చెంచా నోటిదాకా చేరకపోవడానికీ చేరడానికీ మధ్య తేడా ఆ సగంలోనే ఉంటుంది.

చికిత్స రోజు ఏం జరుగుతుంది?

బాబాయికి జరిగింది జరిగినట్టు చెబుతాను.

పొద్దున్నే పరగడుపున తీసుకెళ్లారు. తల మొత్తం నున్నగా గొరిగారు. వెంట్రుకల మధ్య గాలి బుడగలు చిక్కుకుంటే తరంగాలు చెదిరిపోతాయి కాబట్టి ఒక్క వెంట్రుక కూడా ఉండకూడదు. ఆడవాళ్లకూ అంతే. ఇంటికొచ్చాక చూసినవాళ్లంతా తిరుపతి వెళ్లొచ్చారా అని అడిగారు. తర్వాత నుదుటి మీద, తల వెనక నాలుగు చోట్ల మత్తు సూది ఇచ్చి, లోహపు ఫ్రేమ్‌ను స్క్రూలతో బిగించారు. రోజు మొత్తంలో తనకు బాగా కష్టం అనిపించింది ఆ సూదులేనని బాబాయి ఇప్పటికీ అంటాడు. తలకూ డోమ్‌కూ మధ్య రబ్బరు పొర వేసి చల్లటి నీళ్లు తిరిగేలా పెడతారు. తరంగాలు సాఫీగా పోవడానికీ, ఎముక వేడెక్కకుండా ఉండటానికీ ఆ నీళ్లు. చేతికి ఒక బటన్ ఇచ్చారు. ఏ క్షణాన ఓర్చుకోలేకపోయినా నొక్కితే తరంగాలు ఆగిపోతాయి.

పూర్తి మత్తు ఇవ్వరు. మనిషి మెలకువగా ఉండాలి, జవాబు చెప్పాలి. మొదట తక్కువ వేడితో గురి సరిగా ఉందో లేదో చూస్తారు. తర్వాత 50 డిగ్రీల దగ్గరకు తీసుకెళతారు. ఆ వేడికి ఆ చోటు కాసేపు మొద్దుబారుతుందే తప్ప చచ్చిపోదు. అప్పుడే వణుకు తగ్గిందా, మాట తడబడుతోందా, ఎక్కడైనా తిమ్మిరిగా ఉందా అని పరీక్షిస్తారు. బాబాయికి ఒకసారి పెదవి చివర చిమచిమ అన్నాడు. గురి పెట్టిన చోటుకు వెనకవైపు ఆనుకునే స్పర్శకు సంబంధించిన భాగం ఉంటుంది. డాక్టర్ గురిని కాస్త జరిపారు, చిమచిమ పోయింది. అన్నీ సరిపోయాక 55 నుంచి 60 డిగ్రీల దాకా వేడి చేస్తారు. అప్పుడిక ఆ చోటు శాశ్వతంగా పోతుంది. ఒక్కో విడత కొన్ని సెకన్లే. మధ్యలో ఎముక చల్లబడేదాకా ఆగుతారు. అలా మొత్తం కొన్ని గంటలు పట్టింది.

ప్రతి విడత తర్వాత పలకలాంటి అట్ట ఇచ్చి చుట్ట గీయమన్నారు. ఆ కాగితాలు మా దగ్గరే ఉన్నాయి. మొదటిది చూస్తే పిల్లలు కోపంతో గీకినట్టుంటుంది, గీత గీత మీదికెక్కి ఎక్కడ మొదలైందో తెలియదు. నాలుగోదానికి గీతల మధ్య తెల్లకాగితం కనపడింది. చివరిది దోమల చక్రం. సాయంత్రం ఫ్రేమ్ తీశాక బాబాయి నీళ్ల గ్లాసు ఒక్క కుడిచేత్తో ఎత్తి తాగాడు. చొక్కా తడవలేదు. పిన్ని అప్పటిదాకా చేతిలో టవల్ పట్టుకునే నిలబడి ఉంది, అలవాటు కొద్దీ.

నొప్పి ఉంటుందా?

తరంగాలు పంపే ఆ కొన్ని సెకన్లు తల లోపల వేడిగా, బరువుగా, కొందరికి గట్టి తలనొప్పిలా ఉంటుంది. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం కూడా ఉండవచ్చు. విడత అయిపోగానే చాలావరకు తగ్గిపోతాయి. ఇరుకు చోటంటే భయపడేవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి. గంటల తరబడి ఎంఆర్‌ఐలో తల కదపకుండా పడుకోవడం తేలిక కాదు.

సైడ్ ఎఫెక్ట్స్ ఏమిటి?

ప్రకటనల్లో ఈ ముక్కను చిన్న అక్షరాల్లో వేస్తారు. నేను పెద్దగానే చెబుతాను. పైన చెప్పిన 2016 పరీక్షలో 36 శాతం మందికి నడక తూలింది, 38 శాతం మందికి తిమ్మిరో చిమచిమో వచ్చింది. చాలామందికి తగ్గిపోయాయి. కానీ ఏడాది తర్వాత కూడా 9 శాతం మందికి నడక తేడా, 14 శాతం మందికి తిమ్మిరి మిగిలాయి. ఎక్కువగా పెదవుల దగ్గర, వేళ్ల చివర ఉంటుంది. కొందరికి మాట కాస్త ముద్దగా వస్తుంది, కొందరికి చేతిలో పట్టు తగ్గుతుంది.

కారణం పైన చెప్పిందే. గురి చుట్టూ ఉన్నదంతా అవసరమైన మెదడే. వెనక స్పర్శ, పక్కన కాళ్లూ చేతులూ కదిలించే నరాల దారి. గాయం చుట్టూ వాపు వచ్చినప్పుడు ఇరుగుపొరుగుకు ఇబ్బంది తప్పదు, వాపు దిగాక చాలావరకు సర్దుకుంటుంది. బాబాయి మొదటి మూడు వారాలు గోడ పట్టుకుని నడిచాడు. బాత్రూంలో పిన్ని తోడుండేది. బొటనవేలి కొసలో తిమ్మిరి రెండు నెలలుంది. టైలర్‌కు బొటనవేలి కొస అంటే కన్నుతో సమానం. సూది చేతిలో ఉందో లేదో తెలియట్లేదని కంగారుపడ్డాడు. తర్వాత తగ్గింది. తగ్గకపోయి ఉంటే ఏమనేవాడో నేను చెప్పలేను. అందుకే చేయించుకునే ముందు మీ రోజువారీ పని ఏదో, ఏ వేలి మీద, ఏ అడుగు మీద ఆధారపడి ఉందో డాక్టర్‌కు విడమరిచి చెప్పండి.

ముసలివాళ్ల విషయంలో మొదటి నెల పడిపోకుండా చూసుకోవడమే అసలు పని. తడినేల, గడపలు, రాత్రి చీకట్లో లేవడం.

ఒకసారి చేస్తే వణుకు మళ్లీ రాదా?

కొందరికి కొంత తిరిగి వస్తుంది. అయిదేళ్ల దాకా వెంట ఉండి చూసిన పరీక్షల్లో మేలు చాలావరకు నిలిచింది, కొందరిలో తగ్గింది. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే ఇది జబ్బును వేళ్లతో పెకలించే వైద్యం కాదు. సంకేతాల దారిని తెంచుతుంది, అంతే. జబ్బు తన దారిన తాను ముదురుతూ ఉండవచ్చు.

రెండు చేతులకూ ఒకేసారి చేస్తారా?

చేయరు. మెదడు ఎడమవైపు చేస్తే కుడిచేయి బాగుపడుతుంది. రెండు వైపులా గాయం చేస్తే మాట, మింగడం, నడక దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. 2022 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ రెండో వైపుకు కూడా అనుమతి ఇచ్చింది, మొదటిదానికీ దానికీ మధ్య కనీసం 9 నెలలు ఉండాలి. బాబాయి ఎడమచేయి ఇప్పటికీ వణుకుతుంది. "కత్తెర కుడిచేత్తో కదా పట్టేది, చాలు" అంటాడు.

అందరికీ కుదురుతుందా? మీ నాన్నగారికి ఎందుకు కుదరలేదు?

పుర్రె వల్ల. పుర్రె ఎముకకు పైన ఒక గట్టి పొర, లోపల ఒక గట్టి పొర, మధ్యలో స్పాంజిలాంటి పొర ఉంటాయి. మధ్య పొర సాంద్రతను గట్టి పొరల సాంద్రతతో పోల్చి ఒక నిష్పత్తి తీస్తారు. ఎస్‌డీఆర్ అంటారు. అది 0.4 దాటితే మంచిదని సాధారణంగా చూస్తారు. తగ్గేకొద్దీ శబ్దం ఎముకలోనే చెదిరిపోతుంది, ఎముక వేడెక్కుతుంది, లోపల గురి దగ్గర చాలినంత వేడి పుట్టదు. నాన్నగారిది 0.33 వచ్చింది. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే, ఒకరి పుర్రె ఒప్పుకుంది, ఇంకొకరిది ఒప్పుకోలేదు. ఇది కాల్షియం లోపం కాదు, ఏ మాత్ర వాడినా మారదు. తక్కువ ఉన్నవాళ్లకు కూడా కొన్ని చోట్ల ప్రయత్నిస్తారు, మా డాక్టర్ మాత్రం వద్దన్నారు. డబ్బు కట్టించుకోవడానికి ముందే సీటీ తీసి ఆ మాట చెప్పినందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి.

ఎంఆర్‌ఐకి పనికిరాని పేస్‌మేకర్ లాంటివి ఒంట్లో ఉన్నవాళ్లకు, రక్తం గడ్డకట్టే గుణంలో తేడా ఉన్నవాళ్లకు, గర్భిణులకు చేయరు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. వాటిని సొంతంగా ఆపేయకండి.

డీబీఎస్ మంచిదా, ఇది మంచిదా?

డీబీఎస్ అంటే పుర్రెకు చిన్న రంధ్రం చేసి మెదడులోకి తీగ పంపి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెట్టడం. కరెంటు ఎంత ఇవ్వాలో తర్వాత మార్చుకోవచ్చు, వద్దనుకుంటే ఆపేయవచ్చు, రెండు వైపులా చేయవచ్చు. జబ్బు ముదిరేకొద్దీ సర్దుబాటు చేసుకునే వీలుండటం దాని బలం. ఇన్ఫెక్షన్ భయం, బ్యాటరీ మార్పిడి, మళ్లీ మళ్లీ ఆసుపత్రికి తిరగడం దాని బరువు. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌లో ఒంట్లో ఏ వస్తువూ మిగలదు, మర్నాడో ఆ మర్నాడో ఇంటికి రావచ్చు. కానీ చేసిన గాయాన్ని వెనక్కి తీసుకోలేం. రెండు చేతులూ బాగా వణికే అరవై ఏళ్ల మనిషికి డీబీఎస్ వైపే మొగ్గాలేమో. ఆపరేషన్ అంటే ససేమిరా అనేవాళ్లకు, ఒక చేయి బాగుపడితే చాలనుకునేవాళ్లకు ఇది సరిపోతుంది. హైదరాబాద్ నిమ్స్‌లో డీబీఎస్ చాలా ఏళ్లుగా చేస్తున్నారు. రెండూ తెలిసిన డాక్టర్‌ని అడగండి. ఒకటే చేసే చోట ఒకటే గొప్ప అంటారు, సహజం.

పార్కిన్సన్స్‌కి అసలు చేయరా?

కొందరికి చేస్తారు. మందులకు లొంగని వణుకే ప్రధానంగా ఉన్న పార్కిన్సన్స్‌కు 2018లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఒళ్లు బిగుసుకుపోవడం, ఏళ్ల తరబడి మందుల వల్ల ఒళ్లు మెలికలు తిరగడం లాంటి వాటికి మెదడులో గ్లోబస్ పాలిడస్ అనే మరో చోట చేయడానికి 2021లో వచ్చింది. 2023లో ప్రచురించిన 94 మంది పరీక్షలో మూడు నెలలకు నిజం చికిత్స పొందినవాళ్లలో 69 శాతం మందికి, ఉత్తుత్తి గుంపులో 32 శాతం మందికి మెరుగుదల కనిపించింది. ఆ 32 శాతాన్ని కూడా చూడండి. ఏమీ చేయకుండానే మూడో వంతు మందికి బాగున్నట్టు తేలింది. అందుకే ఒకరిద్దరి వీడియోలు చూసి నిర్ణయం తీసుకోకూడదు. మందులు మాత్రం కొనసాగుతాయి, జబ్బు నెమ్మదించదు.

అల్జీమర్స్‌కి మందు దొరికిందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

దాంట్లో నిజమున్న భాగం ఇది. మెదడు రక్తనాళాలకు బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ అనే గట్టి కాపలా ఉంటుంది. చాలా మందులను లోపలికి పోనివ్వదు. రక్తంలోకి అతి చిన్న బుడగలు ఎక్కించి, తక్కువ శక్తి అల్ట్రాసౌండ్ పంపితే ఆ బుడగలు అదిరి, కాపలా కొన్ని గంటలు సడలుతుంది. తర్వాత దానంతటదే మూసుకుంటుంది. ఇక్కడ కాల్చడం ఉండదు. కులర్వో హైనినెన్ బృందం దీన్ని 2001లో కుందేళ్లలో చేసి చూపింది. టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రిలో 2015లో మెదడు కణితి ఉన్న మనిషికి, ఆ తర్వాత అల్జీమర్స్ ఉన్నవాళ్లకు ప్రయోగంగా చేశారు. 2024 జనవరిలో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన అలీ రెజాయ్ బృందం ముగ్గురు రోగుల ఫలితాలు ప్రచురించింది. ఈ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలను తగ్గించే మందు ఇచ్చారు. మందుతోపాటు అల్ట్రాసౌండ్ ఇచ్చిన వైపు ఆ ముద్దలు, మందు మాత్రమే అందిన వైపు కంటే సగటున 32 శాతం ఎక్కువ తగ్గాయి.

ముగ్గురంటే ముగ్గురే. ముద్దలు తగ్గడం వేరు, పోయిన జ్ఞాపకం తిరిగి రావడం వేరు. ఇది ఇంకా పరిశోధనే. దీనికోసం పొలం అమ్ముతామన్న కుటుంబంతో నేను ఫోన్‌లో గంటన్నర మాట్లాడాను. వాళ్లమ్మ వాళ్లను గుర్తుపట్టట్లేదు. ఆ బాధ ముందు శాతాలు చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చెప్పాను.

పక్షవాతం, ఆటిజం, ఫిట్స్, డిప్రెషన్?

పక్షవాతంతో పోయిన బలాన్ని, పిల్లల్లో ఆటిజాన్ని ఇది తగ్గించదు. ఫిట్స్, ఓసీడీ, మందులకు లొంగని డిప్రెషన్ మీద పరిశోధనలు నడుస్తున్నాయి. పరిశోధనలో చేరితే దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటుంది, సంతకం పెట్టే కాగితాలు ఉంటాయి, చికిత్సకు డబ్బు అడగకూడదు. డబ్బు అడిగితే అది పరిశోధన కాదు.

ఇది కొత్తగా కనిపెట్టిందా?

ఆలోచన పాతదే. 1950ల్లో అమెరికాలోని ఇలినాయ్‌లో విలియం ఫ్రై, ఫ్రాన్సిస్ ఫ్రై అనే సోదరులు ఈ పనే చేశారు. శబ్దాన్ని ఎముక దాటించలేక పుర్రె ముక్క తీసి మరీ పంపాల్సి వచ్చేది. లోపల ఎంత వేడెక్కిందో చూసే సాధనం కూడా లేదు. సీటీ, ఎంఆర్‌ఐ, వేగంగా లెక్కలు కట్టే కంప్యూటర్ మూడూ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. జ్యూరిక్‌లో దీర్ఘకాలిక నరాల నొప్పికి పుర్రె తెరవకుండా చేసిన ఫలితాలు 2009లో వెలువడ్డాయి.

మన దగ్గర ఎక్కడ చేస్తారు? ఖర్చెంత?

దక్షిణాదిలో కోయంబత్తూరులోని రాయల్ కేర్ ఆసుపత్రిలో ఈ యంత్రం ఉంది. ఖర్చు ఆసుపత్రిని బట్టి మారుతుంది కాబట్టి అంకె రాయను. అడిగేటప్పుడు మొత్తం ఒకే అంకెగా రాసిమ్మనండి: స్కాన్లు, గది, మందులు అన్నీ కలిపి. సీటీ చూసి కుదరదంటే ఎంత కట్టాలో కూడా అడగండి. బీమా ఉంటే డాక్టర్ ఉత్తరంతో ముందే రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. ఫోన్‌లో అన్న మాట తర్వాత నిలవదు. అమెరికాలో ఉన్న మనవాళ్ల తల్లిదండ్రులు అడుగుతుంటారు: అక్కడ పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ బీమా మెడికేర్ ఉన్నవాళ్లకు ఎసెన్షియల్ ట్రెమర్‌కు వర్తిస్తుంది, విజిటర్ ఇన్సూరెన్స్ మాత్రం వేరే సంగతి.

వయసు ఎక్కువైతే చేయరా?

వయసు ఒక్కటే అడ్డం కాదు. ఎసెన్షియల్ ట్రెమర్‌కు ఎఫ్‌డీఏ పెట్టిన కింది హద్దు 22 ఏళ్లు. పై హద్దు కంటే నడక, గుండె, పడుకోగలిగే ఓపిక ముఖ్యం. ఇప్పటికే తూలి నడిచేవాళ్లకు మాత్రం డాక్టర్లు ఆలోచిస్తారు.

కుదరదన్నాక మీ నాన్నగారు ఏం చేశారు?

డీబీఎస్ వద్దన్నారు. మాత్రల మోతాదు సరిచేయించాం, బరువైన చెంచా, మూత ఉన్న కప్పు కొన్నాం. అన్నం తినడం తేలికైంది. సంతకం మాత్రం రాలేదు. పెన్షన్ ఖాతాలో సంతకం కలవట్లేదని బ్యాంకు వాళ్లు తిప్పి పంపుతుంటే, చివరికి డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి వేలిముద్రకు మార్పించాం. ముప్పై ఆరేళ్లు పిల్లల చేయి పట్టి అక్షరాలు దిద్దించిన మనిషి. ఇంక్ ప్యాడ్ ముందుకు జరిపినప్పుడు ఆయన కాసేపు బొటనవేలి వంక చూసుకున్నారు. ఆ గుమస్తా మంచివాడు. లేచి నిలబడి, "ఇటివ్వండి మాస్టారూ" అని చేయి పట్టుకుని తనే వేయించాడు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి?

ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎందుకు ఆపారు అన్నీ ఒక కాగితం మీద. థైరాయిడ్ రిపోర్టు. ఇంట్లో ఇంకెవరికి వణుకుందో. ఫోన్‌లో రెండు చిన్న వీడియోలు: చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఒకటి, నిండు గ్లాసు ఎత్తి తాగుతున్నది ఒకటి. పొద్దున్నే కాఫీకి ముందు, గీతల్లేని తెల్లకాగితం మీద, చేయి బల్లకు ఆనించకుండా కుడిచేత్తో ఒక చుట్ట, ఎడమచేత్తో ఒక చుట్ట గీయించండి. కింద తేదీ వేయండి. ఆరు నెలలకోసారి మళ్లీ గీయించి అదే ఫైల్లో పెట్టండి.